కర్బనం చెప్పే సాక్ష్యం



ఈ విశ్వాన్ని జీవుల కోసమే ఎవరైనా తీర్చిదిద్దారా? లేక విశ్వం తన దారిన తాను నడుస్తుంటే, మధ్యలో మనం పుట్టుకొచ్చామా? రచ్చబండ దగ్గరైనా, కాలేజీ హాస్టల్ గదిలోనైనా ఈ ప్రశ్న మీద వాదించుకోని తరం లేదు. వాదన మొదలయ్యాక సాధారణంగా జరిగేది ఏమిటంటే, దేవుడున్నాడనేవారు ఒక పక్క, లేడనేవారు మరో పక్క చేరిపోతారు. ఇక అక్కడి నుంచి ఎవరి మాట వారిదే. ఈ పూట నేను అలా కాకుండా, ఇంత పెద్ద ప్రశ్నను ఒకే ఒక మూలకం దగ్గర ఆపి, ఆ మూలకం ఏం సాక్ష్యం చెబుతుందో మీతో కలిసి వినాలనుకుంటున్నాను. ఆ మూలకం కర్బనం.

పొయ్యిలో బొగ్గు కర్బనం. పెన్సిల్ ములుకు కర్బనం. మన ఒంటి బరువులో సుమారు 18 శాతం కర్బనం. ఒక కర్బన పరమాణువు నాలుగు బంధాలు ఏర్పరచుకోగలదు. సాటి కర్బన పరమాణువులతో చేరి పొడవాటి గొలుసులు అల్లగలదు. డీఎన్‌ఏ అయినా, మాంసకృత్తులైనా, మనం తినే అన్నంలోని పిండిపదార్థమైనా ఆ గొలుసుల మీద కట్టినవే. మనకు తెలిసిన ప్రాణమంతా దీని మీదే నిలబడి ఉంది. మరి ఈ కర్బనం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కథ వింటే, విశ్వం మన కోసమే సిద్ధమైందా అన్న అనుమానం ఎవరికైనా రాక మానదు.

కథలోకి వెళ్లేముందు, ఈ చర్చ మన దేశానికి కొత్త కాదని గుర్తుచేసుకోవాలి. కుండ కనిపిస్తే కుమ్మరి ఉన్నాడని తెలుస్తుంది కదా, అలాగే ఇంత పొందికైన ప్రపంచం కనిపిస్తుంటే దీన్ని చేసినవాడూ ఉండాలన్నారు మన న్యాయ దర్శన పండితులైన నైయాయికులు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి 7వ శతాబ్దంలో, ప్రమాణవార్తికంలో దీనికి గట్టి అభ్యంతరం చెప్పాడు. కుమ్మరి మట్టితో కుండ చేస్తాడు నిజమే. అంతమాత్రాన పుట్ట కూడా మట్టితో అయినదే కనుక దాన్నీ కుమ్మరే చేశాడని తేల్చేస్తామా అని ఆయన ప్రశ్న. కుండ చేస్తుండగా మనం చూశాం, అందుకే కుండ నుంచి కుమ్మరిని ఊహించగలం. లోకాన్ని చేస్తుండగా చూసినవారెవరు? ఆ తర్వాత 10వ శతాబ్దంలో నైయాయికుడైన ఉదయనాచార్యుడు ఈశ్వరుడి ఉనికిని నిలబెట్టడానికే న్యాయకుసుమాంజలి అనే గ్రంథం రాశాడు. ఇరుపక్షాలవారూ మహామేధావులే. వారి చేతిలో లేనిదల్లా ఒక్కటే. కుండలాగా, పుట్టలాగా దగ్గర పెట్టుకుని కొలిచి చూడడానికి విశ్వం లోపలి భాగం వారికి అందలేదు. 20వ శతాబ్దంలో అది కొంత అందింది.

విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో తయారైనవి దాదాపు హైడ్రోజన్, హీలియం మాత్రమే. అతి స్వల్పంగా లిథియం. ఆ వేడిలో అంతకుమించి బరువైనవి కూడగట్టడానికి వీలు చిక్కలేదు. కారణం ఇది: 5 కణాలున్న పరమాణు కేంద్రకం గాని, 8 కణాలున్న కేంద్రకం గాని ప్రకృతిలో నిలవదు. హీలియం కేంద్రకంలో 4 కణాలుంటాయి. దానికి ఒకటి కలిపితే 5, నిలవదు. రెండు హీలియంలు కలిస్తే 8, అదీ నిలవదు. మెట్లు ఎక్కుదామంటే రెండు మెట్లు విరిగి ఉన్నాయన్నమాట. కర్బనంలో 12 కణాలు. అక్కడికి చేరేదెలా?

ఆ పని నక్షత్రాల్లో జరుగుతుంది. మన సూర్యుడి నడిబొడ్డున వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు. అక్కడ హైడ్రోజన్ మండి హీలియం అవుతుంది, అంతే. సూర్యుడిలాంటి నక్షత్రం ముసలిదై, ఉబ్బి, ఎర్రబారినప్పుడు దాని గర్భం కుంచించుకుని పది కోట్ల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అప్పుడు హీలియం కేంద్రకాలు ఢీకొంటాయి. రెండు కలిసి బెరీలియం-8 అవుతాయి. అది బతికే కాలం సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే, ఒక్క ముక్క అంత. ఆ లోగా మూడో హీలియం వచ్చి తగిలితేనే కర్బనం. 1952లో ఎడ్విన్ సాల్‌పీటర్ అనే శాస్త్రవేత్త ఈ దారిని చూపించాడు. దారి ఉందిగాని, లెక్క వేస్తే ఆ దారిన వచ్చే కర్బనం చాలా తక్కువ. పుట్టిన ఆ కాస్త కర్బనమూ ఇంకో హీలియంను మింగి ఆక్సిజన్ అయిపోతుంది. లోకంలో ఉన్నంత కర్బనానికి లెక్క కుదరడం లేదు.

ఇక్కడ ఫ్రెడ్ హోయల్ కథలోకి వస్తాడు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1915లో పుట్టినవాడు, కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త. రేడియో శ్రోతలకు ఆయనంటే ఎంతో ఇష్టం. ‘బిగ్ బ్యాంగ్’ అన్న మాట 1949 మార్చిలో బీబీసీ రేడియో ప్రసంగంలో ఆయన నోటి నుంచి వచ్చిందే. ఆ సిద్ధాంతాన్ని మాత్రం ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. 1953 మొదట్లో ఈ హోయల్ అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్లి, అక్కడి కెల్లాగ్ ప్రయోగశాలలో విలియం ఫౌలర్ బృందాన్ని కలిశాడు. ఆయన చెప్పిందాని సారాంశం ఇది: నక్షత్రాల్లో ఇంత కర్బనం ఉంది కనుక అది తయారయ్యే దారి సులువుగానే ఉండి తీరాలి. అలా ఉండాలంటే కర్బన కేంద్రకానికి ఫలానా చోట ఒక శక్తి స్థాయి ఉండాలి. వెతకండి.

శక్తి స్థాయి అంటే ఏమిటో కాస్త చెప్పుకుందాం. కేంద్రకం తనకు నచ్చినంత శక్తిని దాచుకోలేదు. కొన్ని నిర్ణీతమైన మొత్తాలను మాత్రమే పట్టుకోగలదు. బయటి నుంచి వచ్చే శక్తి ఆ మొత్తానికి సరిపడితే కలయిక అలవోకగా జరిగిపోతుంది. సరిపడకపోతే అతి కష్టం. ఈ శక్తిని మెగా ఎలక్ట్రాన్ వోల్టులనే ప్రమాణంలో కొలుస్తారు. బెరీలియం, హీలియం కలిసి తెచ్చే శక్తి, కర్బనం మామూలు స్థితి నుంచి లెక్కిస్తే, 7.37. కర్బనానికి దానికి కొంచెం పైన, 7.7 దరిదాపుల్లో ఒక స్థాయి ఉంటే, ఆ కొద్దిపాటి లోటును నక్షత్ర గర్భంలోని వేడి పూడ్చేస్తుంది. అప్పుడు కర్బనం కావలసినంత పుడుతుంది.

వచ్చిన అతిథి నక్షత్రాలను చూపించి, పరమాణు కేంద్రకం లోపల ఫలానా చోట ఫలానాది ఉందని చెబితే ఎవరైనా ఒక పట్టాన నమ్ముతారా? ఫౌలర్ కూడా మొదట నమ్మలేదు. అయినా ఆ ప్రయోగశాలలోని వార్డ్ వేలింగ్, ఆయన సహచరులు ప్రయోగానికి పూనుకున్నారు. నైట్రోజన్ మీదికి భార హైడ్రోజన్ కేంద్రకాలను వేగంగా విసిరారు. ఆ దెబ్బకు నైట్రోజన్ కేంద్రకం హీలియంను వదిలి కర్బనంగా మారుతుంది. బయటికొచ్చిన హీలియం ఎంత వేగంతో వచ్చిందో అయస్కాంతంతో వంచి కొలుస్తారు. అది రావలసిన శక్తి కంటే తక్కువతో వచ్చిందంటే, ఆ తగ్గిన శక్తి కర్బనంలో ఉండిపోయిందని అర్థం. కొలిచారు. ఉండిపోయిన శక్తి 7.68గా తేలింది. తర్వాత మరింత నిశితంగా కొలిస్తే అది 7.65. హోయల్ ఎక్కడ వెతకమన్నాడో అక్కడే ఉంది.

ఇంతటితో అయిపోలేదు. ఆ స్థాయికి చేరిన కర్బన కేంద్రకం కూడా మళ్లీ మూడు హీలియంలుగా విడిపోవడానికే చూస్తుంది. సుమారు 2,500 సార్లు ఏర్పడితే ఒక్కసారి మాత్రం శక్తిని వెలుగుగా వదిలేసి, కుదుటపడి, నిలిచే కర్బనం అవుతుంది. మన ఒంట్లోని కర్బనమంతా ఆ 2,500లో ఒక్కటిగా మిగిలిందే.

మరి అలా మిగిలిన కర్బనం ఆక్సిజన్‌గా మారిపోకుండా ఎలా ఉంది? కర్బనం, హీలియం కలిసి తెచ్చే శక్తి 7.16. ఆక్సిజన్‌కు దగ్గరలో ఉన్న శక్తి స్థాయి 7.12. అంటే రవ్వంత కింద ఉంది. నక్షత్రంలోని వేడి శక్తిని చేర్చగలదుగాని తీసివేయలేదు. అందువల్ల ఇక్కడ పొంతన కుదరదు. కొంత కర్బనం ఆక్సిజన్ అవుతుంది, కొంత కర్బనంగానే మిగులుతుంది. మనకు రెండూ కావాలి. ఒకచోట స్థాయి కొంచెం పైన ఉండడం వల్ల కర్బనం పుట్టింది, ఇంకోచోట స్థాయి కొంచెం కింద ఉండడం వల్ల అది బతికింది. ఇది చదివిన నాటి నుంచి నాకు బొగ్గును చూసే చూపే మారిపోయింది.

హోయల్‌కు కూడా ఈ పొందిక మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ఆస్తికుడు కాడు. అయినా 1981లో, ఏదో ఒక మహామేధ భౌతిక, రసాయన, జీవ ధర్మాలలో చేయి పెట్టినట్టే కనిపిస్తోందని రాశాడు. వియన్నాలో హైంట్స్ ఓబర్‌హుమ్మర్ బృందం 2000లో లెక్క వేసి, కేంద్రకాలను పట్టి ఉంచే బలం అర శాతం అటూ ఇటూ అయినా నక్షత్రాల్లో కర్బనమో ఆక్సిజనో దాదాపు లేకుండా పోతుందని చూపించింది. కర్బనం ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. కాని భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ 1987లో మరో సంగతి చెప్పాడు. శూన్యానికే ఒక శక్తి ఉండి, అది ఒక హద్దు దాటి ఎక్కువగా ఉంటే విశ్వం మరీ వేగంగా విచ్చుకుపోయి గెలాక్సీలే ఏర్పడవన్నాడు. 1998లో దూరపు సూపర్‌నోవాలను కొలిచిన రెండు బృందాలు విశ్వం విచ్చుకునే వేగం పెరుగుతోందని కనుక్కున్నాయి. అందుకు కారణమైన శక్తి నిజంగానే ఆ హద్దు లోపల ఉంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈ పొందికకు ముఖ్యంగా మూడు జవాబులు చెబుతారు. మూడింటినీ గౌరవంగానే పరిశీలించాలి.

మొదటిది, ఇది ఒకరు కావాలని అమర్చిందే అన్న జవాబు. రెండోది, విశ్వాలు అనేకం ఉన్నాయి, ఒక్కో దానిలో ఒక్కో రకం విలువలు, బతకడానికి వీలైన దానిలో మనం ఉన్నాం అన్న జవాబు. 1973లో పోలెండ్‌లోని క్రాకోవ్‌లో, కోపర్నికస్ 500వ జయంతి సందర్భంగా జరిగిన సదస్సులో శాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ ఈ ఆలోచనకు పునాది వేశాడు. మనం చూసే విశ్వం మనలాంటి వారు ఉండడానికి వీలైనదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే వీలుకాని చోట చూడడానికి ఎవరూ ఉండరు అన్నది అందులోని మూలసూత్రం. మూడోది, ఈ విలువలు ఇలాగే ఉండి తీరడానికి మనకింకా అందని లోతైన నియమం ఏదో ఉందన్న జవాబు.

మొదటి జవాబు చెప్పేవారు ఒక సంభావ్యతను లెక్కలోకి తెస్తారు. ఇలాంటి విశ్వం దానంతట అది రావడం కోటికి ఒక్క వంతైనా సాధ్యం కాదంటారు. కాని సంభావ్యత చెప్పాలంటే కొన్ని సార్లు జరిగినదాన్ని చూసి ఉండాలి, లేదా ఏ విలువకు ఎంత అవకాశమో ముందుగా తెలిసి ఉండాలి. మన చేతిలో ఉన్నది ఒకే విశ్వం. ఈ విలువలు మారగలవో లేదో కూడా తెలియదు. ధర్మకీర్తి అభ్యంతరం సరిగ్గా ఇక్కడే మళ్లీ ఎదురవుతుంది. ఇక రెండో జవాబులో, మనం ఉన్నాం కనుక ఇలా ఉంది అనడం తప్పు కాదుగాని, అది ఎందుకిలా ఉందో చెప్పదు. పైగా ఆ మిగతా విశ్వాలను ఎవరూ చూడలేదు, చూసే దారీ ఇంతవరకు లేదు. మూడోది ఆశ మాత్రమే. ఆ నియమాన్ని ఇంకా ఎవరూ రాసి చూపలేదు.

మరో రెండు సంగతులు కూడా చెప్పకపోతే కర్బనం సాక్ష్యం సగమే విన్నట్టు. హోయల్ జీవం గురించి ఆలోచించే ఆ శక్తి స్థాయిని ఊహించాడని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. డెన్మార్క్‌కు చెందిన శాస్త్ర చరిత్రకారుడు హెల్గే క్రాగ్ 2010లో నాటి ఆధారాలన్నీ పరిశీలించి, 1953లో హోయల్ వాదన నక్షత్రాల్లో కనిపించే కర్బనం పరిమాణం మీద ఆధారపడిందే తప్ప మనుషుల మీద కాదని చూపించాడు. జీవంతో ముడిపెట్టడం తర్వాతి కాలంలో జరిగింది. ఇక రెండోది, శాస్త్రవేత్త మారియో లివియో బృందం 1989లో చేసిన లెక్క. ఆ 7.65ను 0.06 మేరకు పైకి జరిపినా నక్షత్రాల్లో పుట్టే కర్బనంలో పెద్ద తేడా రాలేదు. అంటే, వెంట్రుక వాసి అటైతే అంతా పోయేదని వేదికల మీద చెప్పేంత ఇరుకు కాదు. కొంత వెసులుబాటు ఉంది. ఎంత వెసులుబాటు అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ లెక్కలు వేస్తూనే ఉన్నారు. పొందిక నిజం. దాన్ని ఉన్నదానికంటే పెంచి చెప్పడం మాత్రం దానికి అపచారం.

విశ్వం జీవం కోసమే తయారైందనేవారు ఒకసారి తలెత్తి పైకి చూడాలని కూడా నా మనవి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. ఆ విశ్వంలో అత్యధిక భాగం శూన్యం, సున్నాకు 270 డిగ్రీల కింద చలి. ప్రాణం ఉందని మనకు రూఢిగా తెలిసిన చోటు ఒక్క భూమి. దీన్ని చూసి, ఈ విశ్వం జీవాన్ని అనుమతించింది అనవచ్చు. జీవం కోసమే కట్టింది అనడానికి మాత్రం ఈ సాక్ష్యం చాలదు.

సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పే మంచి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. హోయల్ శిష్యుడు జయంత్ నార్లికర్. హోయల్ తన మరో శిష్యుడు చంద్ర విక్రమసింఘేతో కలిసి, జీవబీజాలు అంతరిక్షం నుంచే భూమికి వచ్చాయని వాదించేవాడు. దాన్ని పరీక్షించాలని నార్లికర్, తోటి శాస్త్రవేత్తలు ఇస్రో తోడ్పాటుతో పూనుకున్నారు. 2001లోనూ, 2005లోనూ హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి భారీ బెలూన్లను ఎగరేశారు. 2005 బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని శుభ్రం చేసిన పాత్రల్లో పట్టి తెచ్చింది. ఆ గాలిలోని సూక్ష్మజీవులను హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాలలోనూ, పుణేలోనూ పరిశీలించారు. భూమ్మీద అప్పటిదాకా ఎవరూ వర్ణించని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికాయి. అతినీలలోహిత కిరణాలను మిగతావాటికంటే ఎక్కువగా తట్టుకునేవి. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి హోయల్ పేరు పెట్టారు. ఆ మూడోదాన్ని జానిబాక్టర్ హోయలీ అంటారు.

మూడు కొత్త జాతులు దొరికాక, జీవం ఆకాశం నుంచే వచ్చిందని చాటింపు వేయడానికి ఎంతసేపు? వారు వేయలేదు. 2009లో ఇస్రో ఈ ఫలితాలను ప్రకటిస్తూ, ఇవి అంతరిక్షం నుంచి వచ్చాయని ఈ ప్రయోగం తేల్చడం లేదని స్పష్టంగా చెప్పింది. గురువుగారి సిద్ధాంతం మీద ఎంత అభిమానం ఉన్నా, చేతికి అందిన సాక్ష్యం ఎక్కడ ఆగిందో మాటా అక్కడే ఆగింది. శాస్త్రం పట్ల నాకున్న గౌరవమంతా ఇలాంటి చోట నుంచే వస్తుంది.

శ్రోతలారా, నా అభిప్రాయం చెబుతాను. మనలో కర్బనం ఉండడానికి కారణమైన పొందిక నిజంగా ఆశ్చర్యకరమైంది. దాన్ని చూసి చేతులు జోడించేవారిని నేను తప్పుపట్టను. వెనుక ఎవరూ లేరనే నాస్తికులనూ తప్పుపట్టను. ఆ శక్తి స్థాయి విలువ 7.65 అని భౌతికశాస్త్రం చెప్పగలదు. అది ఎవరైనా ఉద్దేశించి పెట్టారా లేదా అన్నది ఆ అయస్కాంతంతో కొలవదగ్గ విషయం కాదు. అందువల్ల సృష్టికర్త ఉన్నాడని సైన్స్ రుజువు చేసిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లేడని రుజువు చేసిందన్నా ఒప్పుకోకండి. భక్తికి ఆ అరువు సాక్ష్యం అక్కర్లేదు, సైన్స్‌కు ఆ అరువు గర్వం అక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. పాఠ్యపుస్తకంలో కర్బనం పరమాణు సంఖ్య 6, సంయోజకత 4 అని పిల్లలు వల్లె వేస్తారు. వల్లె వేయనివ్వండి. దానితోపాటు, నక్షత్రాల్లో కర్బనం ఎందుకింత ఉందని ఒకాయన అడిగాడని, ఆ జవాబు కోసం పరమాణు కేంద్రకంలోకి తొంగి చూడమన్నాడని, చూస్తే అక్కడే దొరికిందని కూడా చెప్పండి. విశ్వాన్ని ఎవరు చేశారన్న ప్రశ్న పిల్లలు అడిగితే నోరు మూయించకండి. ఆ ప్రశ్నలో మనం కొలవగలిగిన భాగం ఎంతో వారిచేతనే వెతికించండి. హోయల్ చేసిన గొప్ప పని కూడా అదే. ఆయన విశ్వమంత ప్రశ్నను ఒక ప్రయోగశాల బల్ల మీద తేల్చగలిగిన ప్రశ్నగా మార్చాడు. అలాంటి ప్రశ్న అడగగల పిల్లలు మన బడుల నుంచి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.